ఓమ నూనె పేగులో ఎంత దూరం పోతుంది?

నల్లగొండకు, చిట్యాలకు మధ్య మా తమ్ముడికి రెండు బ్రాయిలర్ షెడ్లున్నాయి. పోయిన వానకాలంలో ఒక సాయంత్రం అతడు ఒక లీటరు సీసాను, దానితో పాటు ఇచ్చిన కరపత్రాన్ని పట్టుకుని మా ఇంటికి వచ్చాడు. "అక్కా, గిండ్ల ఏమున్నదో జెర చదివి చెప్పు. మందులే అక్కర లేదు, గిది నీళ్ళల్ల కలిపితే చాలంటున్నడు" అన్నాడు. ఆ సీసాలో ఉన్నది ఓమ, లవంగం, దాల్చినచెక్కల నుంచి తీసిన సుగంధ తైలాల మిశ్రమం. కరపత్రంలో రెండు వాక్యాలు పెద్ద అక్షరాలలో అచ్చయి ఉన్నాయి. ఈ తైలాలు కడుపులోని ఆమ్లానికి చెక్కుచెదరవని మొదటి వాక్యం. అందువల్ల ఇవి పేగుల పొడవునా పనిచేసి రోగక్రిములను నిర్మూలిస్తాయని రెండో వాక్యం. ముప్పై ఏళ్ళు డిగ్రీ కళాశాలలో రసాయనశాస్త్రం చెప్పిన నేను మొదటి వాక్యం చదివి, అది నిజమని గుర్తించి, రెండో వాక్యం దగ్గర ఆగి ఆలోచించకుండానే "మంచిదే, వాడు" అన్నాను.

ఆ పొరపాటు నాది. ఇరవయ్యో రోజు దాటిన కోడిపిల్లలు రెట్టలో నెత్తురు వేయడం మొదలుపెట్టాయి. నాలుగు రోజుల పాటు తమ్ముడు ఆ సీసానే నమ్ముకుని మోతాదు పెంచుతూ పోయాడు. ఐదో రోజు పశువైద్యుడు వచ్చి, చనిపోయిన పిల్లను కోసి చూపించాడు. పేగు చివర ఉండే రెండు గుడ్డిసంచులు నెత్తురుగడ్డలతో నల్లగా ఉబ్బి ఉన్నాయి. అది కాక్సిడియోసిస్, పేగు గోడలో చేరే ఒక సూక్ష్మజీవి వల్ల కోళ్ళకు వచ్చే జబ్బు. అప్పటికే రెండు షెడ్లలో కలిపి మూడు వందలకు పైగా పిల్లలు పోయాయి. నీళ్ళలో కరిగే ఆంప్రోలియం అనే మందు వేయించి, తడిసిన ఊకనంతా తీయించి కొత్త ఊక పోసిన తర్వాత గాని చావులు ఆగలేదు.

ఆ తర్వాత ఆ కరపత్రాన్ని నేను ఎన్నిసార్లు చదివానో చెప్పలేను. అందులో తప్పు ఎక్కడుందని వెతికాను. మొదటి వాక్యంలో తప్పు లేదు. రెండు వాక్యాలనూ కలిపిన "అందువల్ల" అనే ఒక్క మాటలో ఉంది. ఒక పదార్థం ఆమ్లానికి తట్టుకున్నంత మాత్రాన పేగు చివరిదాకా వెళుతుందని ఎవరూ హామీ ఇవ్వలేరు. ఓమ నూనె విషయంలో అది వెళ్ళదు. విరిగిపోయి వెళ్ళకపోవడం కాదు, చెక్కుచెదరకుండా ఉన్నందువల్లనే దారిలో గోడ దాటి నెత్తురులో కలిసిపోతుంది. ఈ సంగతిని కోళ్ళు పెంచేవారికి, ఇంట్లో పిల్లల కడుపునొప్పికి సీసాలలో సుగంధ తైలాలు కొనేవారికి వివరంగా చెప్పవలసిన అవసరం ఉందని నాకు అనిపించింది.

పుస్తకాలలో వాము అని రాస్తారు గాని మా ఇళ్ళలో దాన్ని ఓమ అంటాం. ఆ గింజలో నూటికి రెండు నుంచి నాలుగు పాళ్ళు నూనె ఉంటుంది. ఆ నూనెలో దాదాపు సగం థైమాల్ అనే ఫినాల్ జాతి పదార్థం. పచారీ కొట్లలో "ఓమపువ్వు" పేరుతో అమ్మే తెల్లని పలుకులు ఇవే. ఇది సుమారు 50 డిగ్రీల సెల్సియస్ దగ్గర కరుగుతుంది, 232 డిగ్రీల దగ్గర మరుగుతుంది. మొదటి ప్రపంచ యుద్ధానికి ముందు మన దేశపు ఓమ గింజలు ఓడలలో జర్మనీకి వెళ్ళేవి, అక్కడి కర్మాగారాలు వాటి నుంచి థైమాల్ తీసేవి. 1920లో హైదరాబాదులో పుట్టి తెలంగాణలో ప్రతి ఇంటి గూటిలోకి చేరిన జిందా తిలిస్మాత్‌లో నీలగిరి తైలంతో పాటు ఉండే పదార్థాలలో థైమాల్ ఒకటి. కాబట్టి ఈ పదార్థం మనకు కొత్తది కాదు, దాని ప్రయాణమే మనం సరిగా గమనించలేదు.

సంక్రాంతికి సకినాలు చేసేటప్పుడు ఒక విషయం ఎవరైనా గమనించవచ్చు. నానబెట్టి దంచిన బియ్యపుపిండిలో నువ్వులు, ఓమ కలిపి, బట్ట మీద చుట్టలు చుట్టి, కాస్త ఆరనిచ్చి, నూనెలో వేస్తాం. వేసిన మరుక్షణం ఇల్లంతా ఓమ వాసన నిండుతుంది. మూకుట్లో నూనె వేడి థైమాల్ మరిగే వేడి కంటే తక్కువే, అయినా ఆ వాసన ఎలా వస్తుంది? పిండిలోని తడి ఆవిరై పోతూ తనతో పాటు ఓమ నూనెను ఎత్తుకుపోతుంది. గింజ నుంచి నూనె తీసే ఆవిరి స్వేదనంలో జరిగేది కూడా సరిగ్గా ఇదే. అంటే వీధి చివరిదాకా వచ్చే ఆ వాసన, సకినంలో మిగిలిన ఓమది కాదు, సకినంలోంచి పోయిన ఓమది. ఘాటుగా వాసన వచ్చే సీసాను చూసి "ఎంత బలమైన మందో" అనుకునే అలవాటు మనలో చాలామందికి ఉంది. వాసన మన ముక్కుకు చేరిందంటే ఆ మేరకు పదార్థం సీసాలోంచి, మేతలోంచి వెళ్ళిపోయిందనే అర్థం. గుళికల మేత తయారుచేసే మిల్లులలో ఆవిరితో దాణాను 80 డిగ్రీల చుట్టుపక్కల వేడికి తెచ్చేటప్పుడు కూడా పూత లేకుండా కలిపిన తైలాలలో కొంత భాగం ఇలాగే గాలిలో కలుస్తుంది. జీర్ణం కావడం మాట అటుంచితే, నోటిదాకా రావడమే మొదటి గండం.

నోరు దాటిన తర్వాత వచ్చేది జీర్ణాశయం. అక్కడి ఆమ్లానికి అన్ని సుగంధ పదార్థాలూ ఒకేలా స్పందించవు. థైమాల్, లవంగాలలోని యూజినాల్ మొండివి. వాటి నిర్మాణంలో బెంజీన్ వలయం ఉంది. మాంసకృత్తులను కోసే పెప్సిన్, ట్రిప్సిన్ వంటి ఎంజైములకు అక్కడ కోయడానికి ఏ బంధమూ దొరకదు. ధనియాలలో ప్రధానమైన లినలూల్ అలా కాదు, ఆమ్లంలో అది కొంత కొంతగా ఆల్ఫా టెర్పినియోల్, జెరానియోల్ వంటి వేరే పదార్థాలుగా మారిపోతుంది. మన నల్లగొండ బత్తాయి తొక్క నూనెలో నూటికి తొంభై పాళ్ళకు మించి ఉండే లిమోనీన్‌కు కూడా ఆమ్లంలో మారే గుణం ఉంది. దాల్చినచెక్కలోని సిన్నమాల్డిహైడ్ మేతలోని మాంసకృత్తుల అమైనో కొసలకు అంటుకుంటుంది. నెత్తురులోకి వెళ్ళినది కాలేయంలో ఆక్సీకరణం చెంది సిన్నమిక్ ఆమ్లంగా, ఆపైన బెంజోయిక్ ఆమ్లంగా మారి, చివరకు హిప్యూరిక్ ఆమ్లంగా మూత్రంలో పోతుంది. కాబట్టి ఆ సీసాలోని మూడు తైలాలకూ కలిపి ఒకే వాక్యం రాయడం కూడా సరికాదు.

ఎల్లిగడ్డ (వెల్లుల్లి) సంగతి ఇంకా విచిత్రం. పొద్దున్నే పరగడుపున ఒక రెబ్బను నమలకుండా నీళ్ళతో మింగేవారు మా వీధిలోనే పది మంది ఉంటారు. ఎల్లిగడ్డ గుణానికి మూలమని చెప్పే అల్లిసిన్ రెబ్బలో ముందుగా ఉండదు. రెబ్బను నలిపినప్పుడు, నమిలినప్పుడు అల్లినేజ్ అనే ఎంజైము అల్లీన్ అనే పదార్థాన్ని తాకి, కొన్ని సెకన్లలో దాన్ని తయారుచేస్తుంది. పీహెచ్ మూడు కంటే తక్కువున్న ఆమ్లంలో ఆ ఎంజైము మళ్ళీ కోలుకోలేనంతగా చచ్చిపోతుంది. నలగని రెబ్బ ఖాళీ కడుపులోని గాఢమైన ఆమ్లంలో పడినప్పుడు అల్లిసిన్ పుట్టవలసిన చోటే పుట్టకుండా పోతుంది. నూరి, రెండు నిమిషాలు ఆగి తినడానికి, గుటుక్కున మింగడానికి ఇంత తేడా ఉంది. మరునాటి ఉదయం కూడా నోట్లో ఎల్లిగడ్డ వాసన వస్తుంది కదా అని అడగవచ్చు. అది అల్లిసిన్ వాసన కాదు. జీర్ణమయ్యే క్రమంలో పుట్టిన అల్లైల్ మిథైల్ సల్ఫైడ్ అనే చిన్న పదార్థం నెత్తురు ద్వారా ఊపిరితిత్తులకు చేరి, ఊపిరితో బయటికి వచ్చే వాసన అది. పళ్ళు ఎంత తోముకున్నా పోకపోవడానికి కారణం ఇదే.

మళ్ళీ థైమాల్ దగ్గరికి వస్తాను. ఆమ్లం దాన్ని ఏమీ చేయకపోతే అది ఎక్కడికి పోతుంది? దీన్ని నల్లగొండ జిల్లా వారికి చెప్పడం ఇతరులకు చెప్పడం కంటే సులువు, ఎందుకంటే ఫ్లోరైడు గురించి మనకు చిన్నప్పటి నుంచి తెలుసు. మర్రిగూడ వైపు పల్లెలలో వంకర తిరిగిన కాళ్ళను చూసి పెరిగినవాళ్ళం. నీటిలోని ఫ్లోరైడు విద్యుదావేశం ఉన్న అయాను. జీర్ణాశయంలోని గాఢమైన ఆమ్లంలో అది హైడ్రోజన్‌ను కలుపుకుని ఆవేశం లేని అణువుగా మారుతుంది, ఆవేశం లేనిది కణాల గోడలను తేలికగా దాటుతుంది. అందుకే ఫ్లోరైడు జీర్ణాశయంలోనే శోషణ చెందడం మొదలుపెడుతుంది. కాల్షియం ఎక్కువున్న ఆహారంతో పాటు వెళితే ఆ శోషణ తగ్గుతుంది. థైమాల్‌కు అలా మారవలసిన పని కూడా లేదు. అది ఎంతో బలహీనమైన ఆమ్లం కాబట్టి జీర్ణాశయంలోనూ, చిన్నపేగులోనూ ఆవేశం లేకుండానే ఉంటుంది. పైగా అది నీటిలో కంటే కొవ్వులో ఎన్నో వందల రెట్లు ఎక్కువగా కరుగుతుంది. కణాల గోడలు కొవ్వుతో కట్టినవే. ఇక దానికి అడ్డేముంది? చిన్నపేగు మొదట్లో పైత్యరసం కొవ్వును చిన్న చిన్న బిందువులుగా చేసి పేగు గోడ దగ్గరికి చేరవేసేటప్పుడు, వాటిలో కరిగి ఉన్న థైమాల్ కూడా అదే బండి ఎక్కి గోడ దాకా వెళుతుంది.

ఇది ఊహ కాదు. పాలు మాన్పించిన పందిపిల్లలకు థైమాల్, దానికి దగ్గరి బంధువైన కార్వక్రాల్, యూజినాల్, సిన్నమాల్డిహైడ్ ఇచ్చి బెల్జియం పరిశోధకులు చేసిన పని 2008లో వెలువడింది. ఆ నాలుగూ దాదాపు పూర్తిగా జీర్ణాశయంలోను, చిన్నపేగు మొదటి భాగంలోను శోషణ చెందాయి. జీర్ణనాళంలో ఉన్న మొత్తం సగానికి తగ్గడానికి పట్టిన కాలం సుమారు రెండు గంటలు. పెద్దపేగు దాకా చేరినది అత్యల్పం. ప్రయోగశాలలో గాజు పాత్రల్లో జీర్ణాశయపు ద్రవంలో నిలబెట్టి చూస్తే చెడని పదార్థం, బతికున్న జంతువు జీర్ణాశయంలో కనిపించకుండా పోయిందంటే, చెడిపోయి కాదు, బయటికి వెళ్ళిపోయి. గాజుకు శోషించుకునే గోడ ఉండదు కదా.

నెత్తురులోకి వెళ్ళిన తర్వాత ఏమవుతుందో మనుషులలో కూడా చూశారు. 2002లో వెలువడిన ఒక జర్మన్ పరిశోధనలో 12 మంది ఆరోగ్యవంతులకు 1.08 మిల్లీగ్రాముల థైమాల్ ఉన్న మాత్ర ఇచ్చారు. వారి నెత్తురులో విడి థైమాల్ కనిపించనే లేదు. కనిపించినదంతా థైమాల్ సల్ఫేటు. అది గరిష్ఠ స్థాయికి చేరింది సుమారు రెండు గంటలకు. మూత్రంలో సల్ఫేటు, గ్లూకురొనైడు రూపాలు దొరికాయి. పేగు గోడ, కాలేయం కలిసి థైమాల్‌లోని హైడ్రాక్సిల్ కొసకు ఒక మూత బిగించి, నీటిలో కరిగేలా చేసి, మూత్రపిండాలకు అప్పగిస్తాయి. క్రిముల పొరను చీల్చే గుణానికి ఆ హైడ్రాక్సిల్ కొసే ముఖ్యం. మూత పడ్డాక అది వాసన లేని, కోరలు లేని పదార్థం. గ్లూకురొనైడు రూపంలోకి మారినవి కొంత పైత్యరసంతో తిరిగి పేగులోకి రావచ్చు, అక్కడి సూక్ష్మజీవుల ఎంజైములు ఆ మూతను తీయవచ్చు. కాని అలా తిరిగి వచ్చేదాన్ని లెక్కలో వేసుకుని మందు అమ్మడానికి అది చాలదు.

ఇప్పుడు మా తమ్ముడి షెడ్డు వైపు చూడండి. బ్రాయిలర్ కోడి పేగులో మేత మొత్తం దాటిపోవడానికి నాలుగైదు గంటలు చాలు. మెడ కింది సంచి, ఆమ్లం ఊరే తొలి జీర్ణాశయం, కందనకాయ, చిన్నపేగు దాటి, అన్నిటికంటే చివర రెండు గుడ్డిసంచులు ఉంటాయి. మేతలో గరుకు భాగం వాటిలోకి పోనే పోదు, పలుచని, మెత్తని భాగం మాత్రమే వెళుతుంది. మా తమ్ముడి పిల్లలను చంపిన ఐమేరియా టెనెల్లా అనే జీవి కాపురం పెట్టేది సరిగ్గా ఆ సంచుల గోడలలో. అంటే శత్రువు ఊరి చివరి ఇంట్లో ఉంటే, మేము పంపిన మనిషి మొదటి వీధిలోనే బస్సు దిగిపోయాడు.

అది కూడా నిజానికి పూర్తి కథ కాదు, అతడు బస్సెక్కాడో లేదో కూడా అనుమానమే. షెడ్డుకు వెళ్ళి చూస్తే పైన ట్యాంకులో నీటి మీద నూనె తెట్టు కట్టి ఉంది. థైమాల్ లీటరు నీటికి ఒక గ్రాముకు అటూ ఇటూగా మాత్రమే కరుగుతుంది, అది కూడా నిదానంగా. నూనెను నీటిలో నిలబెట్టే పదార్థం సరిగా లేకపోతే తైలం పైకి తేలుతుంది, ట్యాంకు అడుగు నుంచి పైపుల్లోకి పోయేది మామూలు నీళ్ళే. ట్యాంకు ఖాళీ అయ్యే చివరి అరగంటలో ఆ తెట్టు ఒక్కసారిగా లైనులోకి దిగుతుంది. కోళ్ళు నీళ్ళు తాగే నిపుల్స్ కొన్ని జిగటతో మూసుకుపోయాయి. వాటి కింద ఉన్న పిల్లలు రోజంతా నీళ్ళు లేక, లైను మొదట్లో ఉన్న పిల్లలు ఘాటు నీళ్ళు తాగలేక, రెండు విధాలా నష్టపోయాయి. ఇది చూసినప్పుడు నాకు కలిగిన బాధ మూడు వందల పిల్లల లెక్క విన్నప్పుడు కలిగిన దానికంటే ఎక్కువ, ఎందుకంటే నూనె నీటిలో కలవదని మొదటి సంవత్సరం విద్యార్థులకు ప్రతి ఏటా బోర్డు మీద గీసి చెప్పినదాన్ని నేను.

కరపత్రంలో ఒక ఫోటో కూడా ఉంది. గాజు పళ్ళెంలో పెంచిన సూక్ష్మజీవుల మధ్య ఓమ నూనె చుక్క వేస్తే, దాని చుట్టూ క్రిములు లేని ఖాళీ వలయం. ఆ ఫోటో నిజమైనదే కావచ్చు. థైమాల్ నిజంగానే అనేక సూక్ష్మజీవులను చంపుతుంది. కాని పళ్ళెంలో దాని చుట్టూ కొవ్వు లేదు, మాంసకృత్తుల ముద్ద లేదు, శోషించుకునే పేగు లేదు, మూత బిగించే కాలేయం లేదు. కొవ్వు ఉన్నచోట థైమాల్ కొవ్వు బిందువులలోకి దూరి కూర్చుంటుంది, నీటి భాగంలో ఉన్న క్రిమికి అందేది తగ్గిపోతుంది. పళ్ళెంలో చాలిన గాఢత కంటే ఆహారంలో ఎన్నో రెట్లు ఎక్కువ కావలసి రావడానికి ఇది ఒక కారణం.

ఈ కొవ్వు సంగతి వందేళ్ళ కిందటి వైద్యులకు మనకంటే బాగా తెలుసు. 1880 ప్రాంతంలో ఇటలీ వైద్యుడు కామిల్లో బొజ్జోలో కొంకిపురుగు (హుక్‌వర్మ్) వ్యాధికి థైమాల్ వాడడం మొదలుపెట్టాడు. ఆ తర్వాత 1909 నుంచి 1914 దాకా అమెరికా దక్షిణ రాష్ట్రాలలో రాక్‌ఫెల్లర్ శానిటరీ కమిషన్ నడిపిన కొంకిపురుగు నిర్మూలనలో ప్రధానమైన మందు ఇదే. పెద్దవారికి గ్రాముల లెక్కన ఇచ్చేవారు. ముందు రాత్రి ఎప్సమ్ ఉప్పుతో కడుపు ఖాళీ చేయించి, పొద్దున్న మెత్తగా నూరిన థైమాల్‌ను గొట్టాలలో (క్యాప్సూళ్ళలో) పెట్టి మింగించి, తర్వాత మళ్ళీ ఎప్సమ్ ఉప్పు ఇచ్చి, మిగిలిన మందునూ చచ్చిన పురుగులనూ బయటికి తోసేవారు. దానితో పాటు ఒక గట్టి హెచ్చరిక ఉండేది: ఆ రోజు నూనె, వెన్న, మద్యం ముట్టరాదు. వాటిలో థైమాల్ కరిగితే ఒక్కసారిగా నెత్తురులోకి వెళ్ళి ప్రాణం మీదికి తెస్తుంది. ఆ పద్ధతిలో ఎంత లెక్క ఉందో చూడండి. కొంకిపురుగు ఉండేది చిన్నపేగు పైభాగంలో, అది థైమాల్ అందుకోగలిగిన చోటు. మందును గట్టి పలుకుగా ఉంచి, కొవ్వును దూరం పెట్టి, గోడ దాటకముందే పని చేయించుకుని, మిగిలినదాన్ని కడిగి బయటికి పంపడం. ఒక పదార్థం పేగులో ఎలా ప్రయాణిస్తుందో తెలిసినవారు చేసే వైద్యం అలా ఉంటుంది.

ఆ మోతాదును మన చెంచాతో పోల్చాలి. రెండు గ్రాముల ఓమ తీసుకుంటే అందులో నూనె సుమారు 60 మిల్లీగ్రాములు, థైమాల్ 30 మిల్లీగ్రాములు. అప్పటి వైద్యులు ఇచ్చింది దానికి వంద రెట్లు. కాబట్టి "పిల్లలకు నులిపురుగులు పడ్డాయి, ఓమ కషాయం తాగిస్తున్నాం, మాత్రలు ఎందుకు" అనేవారితో నేను ఇకమీదట మొహమాటం లేకుండా వాదిస్తాను. గ్రాముల థైమాల్ ఇప్పుడు ఎవరూ ఎవరికీ ఇవ్వకూడదు, అది ప్రమాదకరం. చెంచాడు ఓమలోని థైమాల్ ఆ పనికి చాలదు. ఏటా ఫిబ్రవరి 10న, ఆగస్టు 10న బడులలో, అంగన్‌వాడీలలో ఉచితంగా ఇచ్చే ఆల్బెండజోల్ మాత్ర ఆ పని చేస్తుంది, ఆ మాత్రను పిల్లల చేత వేయించడం మన బాధ్యత.

ఇంత చెప్పిన తర్వాత మా నాయనమ్మ గురించి చెప్పకపోతే అన్యాయం అవుతుంది. పండుగనాడు కడుపునిండా తిని ఆయాసపడుతున్న మా చేత ఆమె చిటికెడు ఓమ, రెండు ఉప్పురాళ్ళు నమిలించేది. "మింగకు, మంచిగ నమిలి రసం మింగు" అనేది. తర్వాత కాసేపటికి ఓమ వాసనతో ఒక త్రేన్పు వచ్చి ఛాతీ తేలికయ్యేది. ఆ త్రేన్పులో వాసన ఉందంటే థైమాల్ ఇంకా మూత పడకుండా జీర్ణాశయంలోనే ఉందని అర్థం. ఉబ్బరం ఉన్నదీ అక్కడే. అంటే ఆమె మందును వాడిన చోటు, మందు పనిచేయగలిగిన చోటు ఒక్కటే. పంటినొప్పికి లవంగ నూనెలో ముంచిన దూది పెట్టడం కూడా అటువంటిదే. అక్కడ ప్రయాణమే లేదు, పెట్టిన చోటే పని. ఓమ మీద నాకు ఏ విముఖతా లేదు. దాన్ని పెద్దపేగు కడగడానికి, నెత్తురు శుద్ధి చేయడానికి, కోడి గుడ్డిసంచిలో జబ్బు తగ్గించడానికి అమ్మడం మీదే నా అభ్యంతరం.

పేగు కింది భాగానికి తైలాన్ని చేర్చడం అసాధ్యమని కూడా నేను అనడం లేదు. చేర్చాలంటే బండి కావాలి. పెప్పర్‌మింట్ నూనెను పేగు బిగుతుతో వచ్చే నొప్పికి వైద్యులు వాడుతున్నారు. అయితే చుక్కలుగా కాదు, ఆమ్లంలో కరగని పూత ఉన్న గొట్టాలలో. పూత లేకుండా మింగితే ఆ నూనె ఆహారనాళపు కింది బిగింపును సడలించి గుండెమంట తెస్తుంది, దానిలోని మెంథాల్ త్వరగా శోషణ చెంది గ్లూకురొనైడుగా మారిపోతుంది. పూత ఉంటే గొట్టం జీర్ణాశయం దాటి, ఆమ్లం తగ్గిన చిన్నపేగులో విచ్చుకుంటుంది. అందుకే దాన్ని ఆమ్లం తగ్గించే మందులతో కలిపి వేసుకోవద్దంటారు, ఎందుకంటే జీర్ణాశయంలోనే ఆమ్లం తగ్గితే పూత ముందే విడిపోతుంది. పశువుల దాణాలో కూడా ఇదే సూత్రంతో గట్టిపరచిన కొవ్వులో తైలాన్ని ఇమిడ్చి చిన్న పూసలుగా చేస్తున్నారు. పేగులో లైపేజ్ అనే ఎంజైము ఆ కొవ్వును కొంచెం కొంచెంగా తింటున్నకొద్దీ తైలం కొంచెం కొంచెంగా విడుదలవుతుంది. అటువంటి పూస నీటిలో కలిపే సీసా కంటే ఎక్కువ దూరం పోగలదు. ఎంత దూరమన్నది ఆ పూస తయారీని బట్టి ఉంటుంది, అది తయారుచేసినవారు కొలిచి చెప్పవలసిన విషయం.

పాలమూరు వైపు గొర్రెలు పెంచే బంధువులు నన్ను అడిగిన ప్రశ్నకు జవాబు మాత్రం వేరు. గొర్రె కడుపులో మొదట ఎదురయ్యేది సూక్ష్మజీవులతో కిటకిటలాడే మొదటి పొట్ట. ఆమ్లమూ, శోషించే చిన్నపేగూ దాని తర్వాతే. అందువల్ల అక్కడ తైలం పూర్తి మోతాదులో సూక్ష్మజీవులకే మొదట తగులుతుంది. అది లాభమూ కావచ్చు, గడ్డిని అరిగించే సూక్ష్మజీవులనే దెబ్బతీస్తే నష్టమూ కావచ్చు, కొన్ని వారాలలో ఆ సూక్ష్మజీవులు తైలానికి అలవాటు పడిపోవడమూ జరుగుతుంది. కోడికి రాసిన కరపత్రాన్ని గొర్రెకు చదవకూడదు.

నా వాదనకు ఎదురు వాదన ఒకటుంది, అది బలమైనది. తైలం పేగు చివరిదాకా పోకపోయినా మేలు చేయవచ్చు కదా అంటారు. చేయవచ్చు. సిన్నమాల్డిహైడ్, థైమాల్ వంటివి నోటిలో, పేగు పైభాగంలో ఉన్న గ్రాహకాలను తాకుతాయి, జీర్ణరసాల ఊటపై, కదలికపై ప్రభావం చూపగలవు. పైభాగంలో మేత బాగా అరిగితే కింది భాగంలో చెడు క్రిములకు దొరికే తిండి తగ్గుతుంది. ఐరోపా సమాఖ్య 2006 జనవరి 1 నుంచి ఎదుగుదల కోసం దాణాలో యాంటీబయాటిక్స్ కలపడాన్ని నిషేధించింది, మన దేశం 2019లో ఆహారజంతువులలో కొలిస్టిన్ అనే యాంటీబయాటిక్‌ను నిషేధించింది. ఆ ఖాళీని నింపడానికి మొక్కల తైలాలను పరీక్షించడం అవసరమైన పని, నేను దాన్ని మనస్ఫూర్తిగా సమర్థిస్తాను. కాని అరుగుదలకు తోడ్పడే పదార్థాన్ని అరుగుదలకు తోడ్పడేదిగానే అమ్మాలి. "రోగక్రిములను నిర్మూలిస్తుంది" అనే మాట నమ్మి నాలుగు రోజులు ఆగిన రైతుకు ఆ నాలుగు రోజులు ఎవరు తిరిగి ఇస్తారు? అప్పు తెచ్చి పిల్లలను వేసుకున్నవాడు మందు ఆలస్యం చేసింది నిర్లక్ష్యంతో కాదు, అచ్చులో కనిపించిన శాస్త్రం మీద, దాన్ని సరేనన్న అక్క మీద ఉన్న నమ్మకంతో.

అందుకని ఇప్పుడు మా తమ్ముడు, అతడి తోటి రైతులు ఏ సీసా వచ్చినా అడగడానికి నాలుగు ప్రశ్నలు రాసి ఇచ్చాను. అందులో ఏ పదార్థం ఎన్ని గ్రాములు ఉంది? అది విడి నూనెనా, పూతలో ఉన్నదా? బతికున్న కోడికి ఇచ్చినప్పుడు పేగులో ఏ భాగం వరకు ఎంత మిగులుతుందో కొలిచారా? కొలిస్తే ఆ కాగితం ఎక్కడ? ఈ నాలుగూ కరపత్రం మీదనే ఉండాలని నా కోరిక. ఉప్పు పొట్లం మీద అయోడిన్ ఎంతో రాస్తున్నప్పుడు వీటిని రాయడం కష్టమేమీ కాదు.

మొన్న సంక్రాంతికి కొత్త బ్యాచ్ వేశాక షెడ్డుకు వెళ్ళాను. ఊక పొడిగా ఉంది, నిపుల్ లైన్లు కడిగి ఉన్నాయి, పశువైద్యుడు రాసిచ్చిన మందుల పట్టిక గోడకు అతికించి ఉంది. పాత ఏజెంటు మళ్ళీ వచ్చాడని, నాలుగు ప్రశ్నల కాగితం చేతికిస్తే పైన అడిగి చెబుతానని తీసుకుపోయాడని తమ్ముడు చెప్పాడు. "ఇంక రాలే అక్కా" అన్నాడు. సగం మిగిలిన సీసా మందుల బల్ల మీదనే ఉంది. మూత తీసి చూశాను, ఆరు నెలల తర్వాత కూడా షెడ్డు గదంతా ఓమ వాసన నిండింది.